షాపు డిస్‌ప్లేకి 4 లక్షల 65 వేలు అంట, లుక్ పోకుండా ఎక్కడెక్కడ తగ్గించొచ్చు?

లక్కబొమ్మ_ఎంవీపీ:

అందరికీ నమస్కారమండీ. వైజాగ్ ఎంవీపీ కాలనీలో చిన్న షాపు తీసుకున్నా, ముందు 11 అడుగులు లోపలికి 20, మొత్తం 220 చదరపు అడుగులు. ఏటికొప్పాక లక్కబొమ్మలు, అరకు కాఫీ పొడి, తేనె, అనకాపల్లి బెల్లం చిన్న ప్యాకుల్లో, అంతా మన ఉత్తరాంధ్ర సరుకే. బీచ్‌కొచ్చే టూరిస్టులు, పెళ్ళిళ్ళకి రిటర్న్ గిఫ్టులు కొనేవాళ్ళు వస్తారని నా లెక్క. 60 రూపాయల బొంగరం నుంచి 4,000 రూపాయల సెట్టు దాకా ఉంటాయి.

ఇంటీరియర్ చేసే ఒకాయన వచ్చి కొలతలు తీసుకుని త్రీడీ వేసి చూపించారు, అది చూస్తే కళ్ళు తిరిగాయి, కొటేషన్ చూస్తే ఇంకోసారి తిరిగాయి. గోడ రాక్‌లూ మధ్యలో టేబులూ ప్లై లామినేట్‌తో 2,60,000. వెనకనుంచి లైటొచ్చే యాక్రిలిక్ పేరు బోర్డు 62,000. గ్లాసు కౌంటర్ 48,000. లైటింగ్ 55,000. డిజైన్ చార్జీ, సైటు చూసుకోడానికి కలిపి 40,000. మొత్తం 4,65,000, జీఎస్టీ వేరే. నేను చిన్న వ్యాపారులకి ఉండే జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉన్నా కాబట్టి ఆ కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ కింద వెనక్కి రాదు, చేతి డబ్బే. ఇది కాక రెండు మూడు హోటళ్ళవాళ్ళు రిసెప్షన్ దగ్గర మా సరుకు పెట్టుకోనిస్తామన్నారు, దానికి మూడు స్టాండ్లు కావాలి, ఒక్కోటి 38,000 చెప్పారు.

నా దగ్గర అన్నీ కలిపి మూడు లక్షలుంది. తగ్గించండి అంటే "ప్లై బదులు ఎండీఎఫ్ వేసేస్తా, 70 వేలు తగ్గుద్ది" అన్నారు, అంటే చెక్కపీచు నొక్కి చేసే బోర్డు. మా ఆవిడేమో నాలుగు స్లాటెడ్ యాంగిల్ రాక్‌లు, అదే కన్నాల ఇనప రాక్‌లు, కొని పెట్టేద్దాం అంటుంది, అలా చేస్తే కిరాణా కొట్టులా ఉంటుంది, ఆ రాక్ మీద 4,000 రూపాయల బొమ్మ ఎవడు కొంటాడని నా భయం. దసరాకి ముందే తెరవాలి. ఇలాంటి పని చేయించుకున్నవాళ్ళు గానీ చేసేవాళ్ళు గానీ ఉంటే చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్_పనోడు:

గురూ ముందు ఆ ఎండీఎఫ్ మాట మర్చిపో, దాని సంగతి ఇక్కడే ఎవరో ఒకరు దెబ్బతిన్నోళ్ళు చెప్తారు. నేను పదిహేడేళ్ళుగా షాపు ఫిట్టింగులు కొడుతున్నా. ఆయన నిన్ను దోచేస్తున్నాడని అననుగానీ డ్రాయింగ్ వేసినప్పుడు షీటు కొలత చూసుకోలేదేమో అని నా అనుమానం, నూటికి తొంభై త్రీడీలు అలాగే ఉంటాయి.

షీటు ఏటి, 8 బై 4, అంటే 96 అంగుళాలు బై 48. త్రీడీల్లో మామూలుగా షెల్ఫు 14 అంగుళాల లోతు, 3 అడుగుల పొడుగు వేస్తారు. 48లో 14లు మూడే వస్తాయి, 6 అంగుళాల పట్టీ మిగిలిపోద్ది. 96లో 36లు రెండే, రెండడుగుల ముక్క మిగులుద్ది. అంటే షీటుకి 6 షెల్ఫులు, మూడో వంతు షీటు ముక్కల పాలు. ఆ ముక్కలు వేరే చోట వాడతాం అంటారు, ఎక్కడ వాడతారో నాకూ తెలుసు, వాళ్ళింట్లో చెప్పుల స్టాండుకి. అదే నువ్వు లోతు పదకొండు ముప్పావు, పొడుగు ముప్పై ఒకటి ముప్పావు పెట్టుకో, రంపం తినేది పోను వెడల్పులో నాలుగు, పొడుగులో మూడు, షీటుకి 12 షెల్ఫులొస్తాయి. లోతు రెండంగుళాలు తగ్గిందని నీ కస్టమరు టేపు పెట్టి చూడడు. పైగా పొడుగు తగ్గితే షెల్ఫు నడుం వంగదు.

ఇంకోటి, ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్ర, పట్టుకుంటే బరువే తెలీదు, దానికి 18 ఎంఎం ప్లై దేనికి, 12 చాలు. ముందు అంచుకి మాత్రం ఒకటిన్నర అంగుళం పట్టీ కిందకి దించి కొట్టించుకో, చూసేవాడికి లావుపాటి పలకలా కనపడుద్ది, వంగకుండా అదే ఆపుద్ది, దాని వెనకే లైటు స్ట్రిప్ దాక్కుంటాది, స్ట్రిప్ బిగించే అల్యూమినియం ప్రొఫైల్ ఖర్చు కూడా మిగులుద్ది. తేనె సీసాలు, బెల్లం పెట్టే కింది వరసలకి 18 వేయించు, అక్కడ పిసినారితనం వొద్దు.

వెనక ప్యానెల్ మొత్తం తీసేయ్. గోడకి మంచి రంగు వేయించి స్లాటెడ్ ఛానెల్, అంటే కన్నాల ఇనప పట్టీ, బిగించి బ్రాకెట్ల మీద షెల్ఫులు పెట్టుకుంటే ఆ రంగే నీ బ్యాక్ ప్యానెల్. రేపు పెద్ద బొమ్మలొస్తే షెల్ఫు ఎత్తు కూడా మార్చుకోవచ్చు. బాక్సులా చేసిన రాక్‌లో సగం డబ్బు సైడ్లకీ వెనక్కీ పైకీ పోద్ది, అవి ఎవడూ చూడడు.

రేటు ఎలా కట్టారో కూడా అడుగు. ఎలివేషన్ చదరపు అడుగు లెక్క అయితే 7 అడుగుల ఎత్తు ఇంటూ వెడల్పు వేసేస్తారు, మధ్యలో ఖాళీగా ఉన్న గాలికి కూడా నువ్వే డబ్బులు కడతావు. ఓపెన్ షెల్ఫులకి ఆ లెక్క ఒప్పుకోకు, షీట్లు ఎన్నో రాయించు, కూలి వేరే మాట్లాడుకో. ప్రీలామ్ బోర్డు, అంటే లామినేట్ ముందే అతికించి వచ్చేది, దొరికితే లామినేట్ అతికించే కూలి మొత్తం పోద్దిగానీ మీ ఏరియా సముద్రానికి దగ్గర, దాంట్లో లోపల ఏ కోర్ ఉందో చూసి తీసుకోవాలి.

గాజువాక_ఫ్యాన్సీ:

దెబ్బతిన్నోళ్ళు అన్నారుగా, హాజరు 😀

తమ్ముడూ నాకు అప్పట్లో పెదవాల్తేరులో ఫ్యాన్సీ షాపు ఉండేది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను రోజు షాపు ముందు గ్లాసు పగిలి వాన మొత్తం లోపలికొచ్చింది. మూడు రోజుల తర్వాత షట్టరు ఎత్తి చూస్తే ఎండీఎఫ్ రాక్‌లు అడుగు భాగం అంతా పాలల్లో వేసిన బ్రెడ్డులా ఉబ్బిపోయాయి, చేత్తో తీస్తే ఊడొచ్చాయి. పక్కనే పాత ప్లై రాక్ ఒకటి ఎండలో పెడితే ఆరిపోయి ఇంకో ఆరేళ్ళు పనిచేసింది. తుఫాను రోజూ రాదులే అనుకోకు, రోజూ తడిగుడ్డతో ఫ్లోర్ తుడుస్తారుగా అది చాలు దానికి. అందుకే ఏ మెటీరియల్ అయినా కింద నాలుగంగుళాలు కాళ్ళు పెట్టించు. షీటు మీద ముద్ర చూడు, ఐఎస్ 303 అంటే మామూలుది, ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై. అన్నిటికీ 710 అక్కర్లేదు, కింది వరసకీ తలుపు దగ్గర దానికీ వేయించుకుంటే సరిపోతుంది.

ఇంకో తప్పు కూడా చేశా, స్టీలు కదా తుప్పు పట్టదని 202 గ్రేడు పైపుతో హ్యాంగర్ స్టాండ్లు చేయించా, ఏడాది తిరక్కుండా ఉప్పుగాలికి గోధుమరంగు చుక్కలు. ఇనప పైపే కొని పౌడర్ కోటింగ్ చేయించుకోవడం నయం, కానీ కన్నాలు, కోతలు, వెల్డింగు అన్నీ అయిపోయాకే కోటింగ్‌కి పంపాలి, కోటింగ్ అయ్యాక డ్రిల్ వేస్తే ఆ కన్నం దగ్గరే మొదలవుతుంది. పైపు చివర్లకి ప్లాస్టిక్ మూతలు మర్చిపోవద్దు.

మధ్య టేబులు మాత్రం కొత్తది చేయించకు. పోర్టు ఉన్న ఊళ్ళో ఉన్నాం, సరుకు కింద పెట్టే పాత చెక్క ప్యాలెట్లు, పైన్ చెక్క, ఆటోనగర్ వైపు వెతికితే దొరుకుతాయి. రంధా పట్టించి రెండుసార్లు పాలిష్ కొడితే లక్కబొమ్మలు వాటిమీద భలే ఉంటాయి. ఒక్కటి చూసుకో, ప్యాలెట్ మీద కాల్చిన ముద్ర ఉంటుంది, హెచ్‌టీ అని ఉంటే వేడి పట్టించింది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, నువ్వు తినే సరుకు అమ్ముతున్నావు కాబట్టి దాన్ని ముట్టుకోకు.

అద్దం_వెనక:

నేను చీరల షోరూములకి విండో డిస్‌ప్లేలు చేస్తానండి, ద్వారకానగర్, జగదాంబ వైపు. పైన ఇద్దరు చెప్పిన చెక్క లెక్కలన్నీ నిజమే, కానీ మీరు అడిగింది లుక్ పోకుండా అని కదా, అది చెక్కలో ఉండదు.

మొదటి మాట, సరుకు తక్కువ పెట్టండి. మనవాళ్ళకి షెల్ఫు ఖాళీ కనిపిస్తే భయం, కొట్టు ఖాళీ అయిపోయిందనుకుంటారేమోనని ఇరికించేస్తారు. కిరాణా కొట్టు లుక్ వచ్చేది రాక్ వల్ల కాదు, ఇరికించడం వల్ల. మీ ఆవిడ చెప్పిన స్లాటెడ్ యాంగిల్ రాక్‌ మీద కూడా వరసకి ఐదే బొమ్మలు పెట్టి సరైన లైటు వేస్తే మ్యూజియంలా ఉంటుంది. మిగతా స్టాకు కింద తలుపులున్న వరసలో దాచుకోండి. కస్టమ్ పని నాలుగు నుంచి ఐదడుగుల ఎత్తు మధ్య ఒక పట్టీలాగా చేయించుకోండి, షాపు మొత్తం చుట్టూ కన్ను ఆగేది అక్కడే. దాని పైనా కిందా రెడీమేడ్‌తో నడిపించేయండి.

రెండోది లైటు. 55,000లో ఏముందో తెలీదు గానీ సీలింగ్ అంతా తెల్లటి 6500కె ప్యానెళ్ళు వేస్తున్నారేమో అడగండి, మామూలుగా అదే చేస్తారు. లక్క రంగులు, ఆ పసుపూ ఎరుపూ, ఆ తెల్లలైటు కింద పాలిపోయినట్టు కనిపిస్తాయి. పసుపు ఛాయ ఉండే 3000కె తీసుకోండి, డబ్బా మీద సీఆర్‌ఐ, అంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 పైన ఉందో లేదో చూసి కొనండి, కొంచెం ఎక్కువవుతుంది, ఇచ్చేయండి, ఇక్కడ మాత్రం బేరం వద్దు. షాపు మొత్తం వెలిగించక్కర్లేదు, సరుకు మీద పడితే చాలు, నడిచే చోట కాస్త మసకగా ఉన్నా పర్లేదు. ఇంకో సంగతి, లక్క వేడికి మెత్తబడుతుంది, హాలోజన్ లాంటివి దగ్గరగా పెట్టకండి. ఏటికొప్పాకవాళ్ళు వాడేవి చెట్ల నుంచి తీసిన రంగులు, నేరుగా ఎండ పడితే వెలిసిపోతాయి. మీ షాపు ముఖం పడమరకా? అయితే విండోలో అమ్మే బొమ్మలు పెట్టకండి, పెద్ద చెక్క డమ్మీ ఒకటి చేయించి పెట్టండి. కాఫీ ప్యాకెట్లు కూడా ఎండకి దూరంగా.

పనోడుగారితో ఒక్కచోట ఒప్పుకోను. ఆయన నేరుగా అనలేదు గానీ ఇవన్నీ చదివి మీరు డిజైన్ చార్జీ ఎగ్గొట్టేద్దామనుకుంటారు. వద్దు. త్రీడీకి కాదు ఆ డబ్బు, వర్కింగ్ డ్రాయింగూ కటింగ్ లిస్టూ ఇస్తేనే ఇస్తానని మాట్లాడుకోండి. డ్రాయింగ్ లేకుండా నోటిమాట మీద చేయించిన పనిలో రెండోసారి చేసే ఖర్చు ఆ ఫీజు కంటే ఎక్కువ అవడం నేను చాలాసార్లు చూశా.

ఇంకా ప్లై కొనకముందు ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల అట్టపెట్టెలు నాలుగు తెచ్చి నిజం సైజులో ఆ టేబులూ కౌంటరూ కట్టి రెండు రోజులు షాపులో పెట్టుకుని తిరగండి. 11 అడుగుల వెడల్పులో రెండు పక్కలా రాక్‌లు, మధ్యలో టేబులు అంటే ఇద్దరు మనుషులు ఎదురెదురు రాలేరేమో అని నాకు అనుమానంగా ఉంది.

లక్కబొమ్మ_ఎంవీపీ:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. డ్రాయింగ్ తీసి చూశా, పనోడుగారూ మీరు జాతకం చెప్పినట్టే ఉంది, లోతు 14, పొడుగు 36 😀 షాపు ముఖం పడమరే మేడమ్. అట్టపెట్టెలు కట్టి చూశాం, మా అబ్బాయికి పండగైపోయింది, మీరన్నట్టే మధ్య టేబులు దగ్గర ఇరుకైపోయింది, రెండడుగులు తగ్గించాం.

మూడు డౌట్లు. గ్లాసు కౌంటర్ లేకపోతే దొంగతనాలు అవ్వవా? పేరు బోర్డు 62,000కి వేరే దారేంటి? హోటల్ స్టాండ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

గాజువాక_ఫ్యాన్సీ:

గ్లాసు కౌంటర్ అంటే మనిషికీ సరుకుకీ మధ్య గోడ. బొమ్మ చేతిలోకి తీసుకుంటేనే పిల్లాడు వదలడు, పిల్లాడు వదలకపోతే తండ్రి కొంటాడు, అంతే వ్యాపారం. 60 రూపాయల బొంగరం నెలకి రెండు పోయినా నీకు 48,000 పోదు. పెద్ద సెట్లకి మాత్రం రెండడుగుల గ్లాసు బాక్సు తాళంతో, బిల్లింగ్ పక్కన.

ఆటోనగర్_పనోడు:

బోర్డుకి యాక్రిలిక్ లెటర్లు, లోపల ఎల్‌ఈడీ మాడ్యూళ్ళు, వెనక ఏసీపీ (అల్యూమినియం పూత ఉన్న ప్యానెల్) అంటే ఆ రేటే అవుద్ది గురూ. లోపల గోడకైతే 12 ఎంఎం పీవీసీ ఫోమ్ బోర్డు మీద అక్షరాలు సీఎన్‌సీ, అదే కంప్యూటర్ మెషీన్ మీద, కోయించి రంగు వేసి గోడకి అంగుళం ఎడంగా బిగించు, పైనుంచి ఒక్క స్పాట్ లైటు వేస్తే నీడ పడి ఆ ఎడం వల్లే ఖరీదుగా కనపడుద్ది. నీళ్ళకి ఉబ్బదు. బయట బోర్డు మాత్రం వానలో ఉండాలి, అక్కడ మామూలు ఏసీపీ బోర్డు, అక్షరాలు లావుగా, అంతకంటే ఏమీ వొద్దు.

స్టాండ్లు మూడూ ఒకేలా చేయించు. ఒకటి చేస్తే 38,000 అనేది కొలత తీయడం, జిగ్ (కొలత తప్పకుండా పట్టే అచ్చు) కట్టడం, సెట్టింగు అన్నీ దానిమీదే పడబట్టి. మూడు ఒకే కొలతతో ఒకే రోజు కోస్తే ఆ ఖర్చు మూడింటికి పంచుకుంటాది. అంగుళం ఇనప పైపు ఫ్రేము రెండు వైపులా, మధ్యలో పైన చెప్పిన అదే సైజు షెల్ఫులు బోల్టులతో. అదే సైజు అంటే అదే, షాపు షెల్ఫూ స్టాండు షెల్ఫూ మార్చి వేసుకోవచ్చు, ఒకటి పాడైతే ఇంకోటి తీసి వేసేయొచ్చు. విప్పేస్తే కారు డిక్కీలో పడుకుంటాది, ట్రాలీ ఆటోకి ప్రతిసారీ డబ్బులివ్వక్కర్లేదు. రేపు అరకులో పెట్టమన్నా ఘాట్ రోడ్డు మీద ఆదివారం నువ్వే తీసుకెళ్ళొచ్చు.

అద్దం_వెనక:

స్టాండ్లకి ఒక చిన్న ఐడియా. హుక్కులు, తలుపు గుబ్బలు, స్టాండు పైన చివర్లు ఇవన్నీ ఇత్తడివి కొనకుండా మీకు బొమ్మలిచ్చే ఏటికొప్పాక కళాకారులతోనే లేత్ మీద తిప్పించండి, వాళ్ళకి అది రోజువారీ పని. గుబ్బే మీ సరుక్కి శాంపిల్. కస్టమర్లు గుబ్బ అమ్ముతారా అని అడుగుతారు చూడండి.

డాబాగార్డెన్స్_రాజు:

ఇన్ని చెప్పారుగానీ డబ్బులు ఇచ్చే పద్ధతి ఎవరూ చెప్పలేదు. అడ్వాన్సు సగం ఇచ్చారంటే దసరా కాదు సంక్రాంతికి కూడా అవ్వదు. మెటీరియల్ మీరే కొని షాపులో దింపించండి, కూలి పని అయినకొద్దీ ఇవ్వండి. చివర్లో పదివేలు ఆపుకోండి, ఆ పదివేల కోసమే మళ్ళీ వస్తారు. పనోడుగారు ఏమీ అనుకోవద్దు.

ఆటోనగర్_పనోడు:

ఏటి అనుకుంటాం, మేము కూడా పార్టీల చుట్టూ ఆ పదివేల కోసమే తిరుగుతుంటాం 😀

లక్కబొమ్మ_ఎంవీపీ:

షాపు తెరిచామండీ, లెక్క చెప్తా. గోడ షెల్ఫులు, ఛానెళ్ళు, కింద తలుపుల వరస కూలితో సహా 1,38,000. డిజైన్ ఫీజు 20,000కి మాట్లాడా, కటింగ్ లిస్టుతో ఇచ్చారు, మొదట మొహం మాడ్చుకున్నారుగానీ షీట్ల లెక్క చూపిస్తే ఆయనే నవ్వేశారు. లైట్లు 27,000. పేరు అక్షరాలూ బయట బోర్డూ 14,500. చిన్న గ్లాసు బాక్సు 11,000. ప్యాలెట్ టేబులు 6,500, అది చూసినవాళ్ళంతా ఎక్కడ కొన్నారని అడుగుతున్నారు. స్టాండ్లు ఒక్కోటి 13,500, మూడూ 40,500. ఒక వెర్రిపని కూడా చేశా, పక్క గోడకి 9,000 పెట్టి అరకు లోయ ఫొటో వినైల్ స్టిక్కరు అంటించా, గోడలో చెమ్మ ఉంది, పదిహేను రోజులకే బుడగలొచ్చి లోయలో కొండలు కొత్తవి పుట్టుకొచ్చాయి. పీకేసి రంగే వేయించా. అంతా కలిపి 2,66,500.

గుబ్బలు అమ్ముతారా అని నలుగురు అడిగారు మేడమ్, ఆర్డర్ పెట్టేశా.

ఒక్క సమస్య, ఎడమ గోడకి షెల్ఫు లైట్లు మొదట్లో బాగా వెలుగుతున్నాయి, చివరికి వెళ్ళేసరికి డిమ్ముగా, కాస్త ఎర్రగా ఉంటున్నాయి. ఎలక్ట్రీషియన్ స్ట్రిప్ డూప్లికేటు అంటున్నాడు. నిజమేనా?

ఆటోనగర్_పనోడు:

స్ట్రిప్ తప్పు కాకపోవచ్చు గురూ. 5 మీటర్ల రోళ్ళు రెండు ఒకదాని తోకకి ఒకటి కట్టేశాడేమో చూడు. 12 వోల్టుల స్ట్రిప్ 5 మీటర్లు దాటితే చివరికి వోల్టేజి అందదు. మీటరుకి 14.4 వాట్ల స్ట్రిప్ అయితే ఒక్క రోలే 72 వాట్లు, 6 ఆంప్స్ లాగుద్ది, రెండంటే 12. 10 ఆంప్స్ ఎస్‌ఎంపీఎస్, అదే కరెంటుని 12 వోల్టులకి మార్చే డబ్బా, ఒక్కటే పెట్టుంటే దానికీ ఊపిరాడదు, చెయ్యి పెట్టి చూడు కాలుతుంటాది. రెండో రోలుకి వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టించి వైరు విడిగా లాగమను.

లక్కబొమ్మ_ఎంవీపీ:

ఇప్పుడే చెయ్యి పెట్టి చూశానండి, కాఫీ కాచుకోవచ్చు దానిమీద. ఆపేశా, రేపు పిలుస్తా అతన్ని.